వంశానిది కాని జబ్బు

అనంతగిరి ఘాట్ ఎక్కితే మొదలై అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు మీదుగా ముంచింగిపుట్టు దాకా పరుచుకున్న కొండసీమలో గొంతువాపు కొత్తగా వచ్చిన జబ్బు కాదు. విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలనూ, ఆదిలాబాద్ గిరిజన ప్రాంతాన్నీ గాయిటర్ కనిపించే సీమలుగా ఆరోగ్య శాఖ ఎప్పుడో గుర్తించింది. మెడ ముందున్న థైరాయిడ్ గ్రంథి ఉబ్బడం ఈ జబ్బుకు పైకి కనిపించే గుర్తు మాత్రమే. జబ్బు ముదిరిన సీమ ఏదైనా సరే, దాని వెంట మరికొన్ని లక్షణాలు వస్తాయి. పుట్టుకతోనే వినపడని, మాట రాని పిల్లలు ఉంటారు. వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు, నడక బిగుసుకుపోయినవాళ్లు, బుద్ధి నెమ్మదించినవాళ్లు ఉంటారు. తల్లికి ఉన్న వాపు కూతురికీ వచ్చి, ఒకే కడుపున పుట్టిన ఇద్దరు ముగ్గురు పిల్లలకు మాట రాకపోతే, చూసినవాళ్లకు మొదట తట్టే మాట వంశం. ఊళ్లోవాళ్లు ఆ ఇంటి రక్తం అంటారు. చదువుకున్నవాళ్లు మేనరికం అంటారు, ఇంకాస్త చదివినవాళ్లు జన్యువు అంటారు. తూర్పు కనుమల చరిత్రను ఉప్పు వైపు నుంచి, నీటి వైపు నుంచి, మన్ను వైపు నుంచి చదివితే ఈ మూడు మాటలూ చాలావరకు తప్పని తేలుతుంది. వంశం మీదికి నెట్టిన ఈ జబ్బుకు అసలు కారణం నేలలో చాలినంత లేని ఒక మూలకం, అయోడిన్. ఆ లోటును తీర్చగలిగి కూడా చాలాకాలం తీర్చని పాలనకూ ఇందులో వాటా ఉంది.

పరిసరాల వల్ల వచ్చిన లక్షణం జన్యువు వల్ల వచ్చినదానిలా కనిపించడాన్ని శాస్త్రవేత్తలు ఫీనోకాపీ అంటారు. జర్మన్ జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ గోల్డ్‌ష్మిట్ 1935లో ఈ పేరు పెట్టాడు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల పిల్లదశలో వాటికి కొద్దిసేపు ఎక్కువ వేడి తగిలించాడు. అవి పెరిగి పెద్దవయ్యాక రెక్కల్లో, కళ్లలో, రంగులో జన్యు మార్పు ఉన్న ఈగల్లాగే కనిపించాయి. కానీ వాటి జన్యువుల్లో ఏ మార్పూ లేదు. వాటికి పుట్టిన పిల్లలను మామూలు వేడిలో పెంచితే మామూలు ఈగలే అయ్యాయి. మనుషుల్లో దీనికి సాటి వచ్చే ఉదాహరణ గాయిటర్ సీమలోనే ఉంది. 1896లో వాన్ పెండ్రెడ్ అనే ఇంగ్లండు వైద్యుడు ఒక ఐరిష్ కుటుంబంలోని ఇద్దరు అక్కచెల్లెళ్ల గురించి రాశాడు. ఇద్దరికీ పుట్టు చెవుడు, ఇద్దరికీ గొంతువాపు. అది నిజంగా వంశపారంపర్యమే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున చెడిన జన్యువు ప్రతులు రెండూ బిడ్డకు చేరినప్పుడు వచ్చే ఆ జబ్బుకు పెండ్రెడ్ సిండ్రోమ్ అని పేరు. దాని వెనకున్న జన్యువును 1997లో గుర్తించారు. ఇప్పుడు ఒక గాయిటర్ సీమలో చెవుడూ గొంతువాపూ కలిసి ఉన్న అక్కచెల్లెళ్లు కనిపించారనుకుందాం. వాళ్లను చూసి ఇది జన్యువు పనో అయోడిన్ లోపమో చెప్పడం ఎంత అనుభవం ఉన్న వైద్యుడికైనా కష్టం. లక్షణాలు ఒకటే, కుటుంబంలో కనిపించే తీరూ ఒకటే. తేడా కారణంలో ఉంది, కారణాన్ని బట్టి పరిహారంలో ఉంది.

అయోడిన్ లేమి ఇంత నష్టం ఎలా చేస్తుందో తెలిస్తే వంశం అనే భ్రమ ఎందుకు పుడుతుందో అర్థమవుతుంది. థైరాయిడ్ హార్మోను తయారీకి అయోడిన్ తప్పనిసరి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. గర్భిణికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక మనిషి నిండు జీవితానికి కావలసిన అయోడిన్ అంతా కలిపినా ఒక చెంచాడు ఉండదు. అయితే శరీరం దాన్ని పెద్దగా దాచుకోలేదు గనక ప్రతిరోజూ అందాలి. అది మట్టిలోంచి పంటలోకి, పంటలోంచి మనిషిలోకి రావాలి. ఏటా కుండపోత వానలు పడే ఏటవాలు కొండల్లో మట్టిలోని అయోడిన్ కరిగి గెడ్డల్లో కలిసి కిందికి పోతుంది. ఆ మట్టిలో పండిన సామలు, చోళ్లు, వరి, చిక్కుళ్లు చూపుకి ఎంత ఏపుగా ఉన్నా వాటిలో అయోడిన్ చాలినంత ఉండదు. అది అందక థైరాయిడ్ గ్రంథి ఉన్న కాస్తనూ పట్టుకోవడానికి పెరుగుతుంది, అదే వాపు. తల్లికి వచ్చే వాపు కంటే కడుపులో బిడ్డకు జరిగే నష్టం పెద్దది. గర్భం తొలి నెలల్లో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లి హార్మోనే ఆధారం. చెవి లోపలి నిర్మాణం, మెదడులోని కీలకమైన భాగాలు రూపు దిద్దుకునేది ఆ రోజుల్లోనే. అప్పుడు హార్మోను చాలకపోతే పుట్టిన తర్వాత ఎంత అయోడిన్ ఇచ్చినా ఆ వినికిడి తిరిగి రాదు. అందుకే ఈ నష్టం పుట్టుకతో వచ్చినట్టు, మార్చలేనట్టు, చూసేవాళ్లకు జన్యువు రాసిన రాతలాగే ఉంటుంది.

కుటుంబంలో ఈ జబ్బు వరస కట్టి రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఒక గూడెంలో మూడు తరాలు తాగింది ఒకే ఊట నీరు. తిన్నది ఒకే పోడులో, ఒకే మడిలో పండిన గింజ. కొన్న ఉప్పు ఒకే సంతలో, ఒకే వ్యాపారి దగ్గర. తల్లికి అయోడిన్ లోపం ఉంటే ఆమె కన్న ప్రతి బిడ్డా అదే లోపంలో పెరుగుతుంది. ఆమె కూతురిని ఇచ్చింది పక్క కొండ మీది గూడేనికే, అక్కడి నేలా ఇంతే. కాబట్టి ఆ కూతురి పిల్లలకూ అదే గతి. తాత ఇల్లు, మనవరాలి ఇల్లు కలిపి వంశవృక్షం గీస్తే జబ్బు కొమ్మ కొమ్మకూ పాకినట్టు కనిపిస్తుంది. నిజానికి తరం నుంచి తరానికి చేరింది జన్యువు కాదు, అదే నేల, అదే నీరు, అదే వంటగది. కుటుంబాలు జన్యువులను పంచుకున్నట్టే పరిసరాలనూ పంచుకుంటాయి. కదలిక తక్కువగా ఉండే కొండ గ్రామాల్లో ఈ రెండింటినీ విడదీయడం మైదానంలో కంటే కష్టం. అందువల్ల ఒక జబ్బు ఇంటింటా వరసగా వస్తోందన్నది అది వంశపారంపర్యం అనడానికి చాలిన రుజువు కాదు.

ఈ సంగతి గుర్తించకుండా ముందే తీర్పు చెప్పే అలవాటుకు ఒక చరిత్ర ఉంది. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టంతో ఈ కొండలు మామూలు న్యాయ వ్యవస్థ నుంచి వేరుపడి కలెక్టరు ఏజెంటుగా పాలించే ఏజెన్సీ అయ్యాయి. వేరే పాలన వెంట వేరే చూపు వచ్చింది. 1869లో కార్మైకేల్ జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ గెజిటీర్ వెలువడ్డాయి. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో ఏడు సంపుటాల కులాలు, తెగల వివరం ప్రచురించాడు. తలల కొలతలు, ముక్కుల కొలతలు తీసి మనుషులను వర్గాలుగా పేర్చడం ఆ కాలపు మానవశాస్త్రం పద్ధతి. ఆ పుస్తకాల్లో ఇప్పటికీ పనికివచ్చే సమాచారం చాలా ఉంది. కానీ మనిషి శరీరం అతని జాతికి గుర్తు అనే నమ్మకం మీద ఆ కొలతలన్నీ నిలిచాయి. ఎత్తు తక్కువ, ఒంట్లో సత్తువ తక్కువ, ముఖంలో చురుకు తక్కువ అనిపిస్తే అది జాతి లక్షణం అయిపోతుంది. తిండిలో ఏమి కొరవడింది, ఎన్నిసార్లు మలేరియా వచ్చింది అనే ప్రశ్నలకు ఆ చూపులో చోటు తక్కువ. ఆ బ్రిటిష్ ప్రభుత్వమే 1871లో కొన్ని కులాలనే పుట్టుకతో నేరస్థులుగా ముద్ర వేసే చట్టం తెచ్చింది. రక్తంతో అన్నిటినీ వివరించడం ఆ కాలానికి సులువైన దారి.

ఈ పొరపాటు ఒక్క మన దేశానిదే కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీద బతికే పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వస్తే, చార్లెస్ డావెన్‌పోర్ట్ వంటి వంశశుద్ధి వాదులు వంశవృక్షాలు గీసి అది పుట్టుకతో వచ్చే బలహీనత అని వాదించారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 నుంచి చేసిన పరిశోధనలో అది తిండి లోపమని తేలింది. తెలంగాణలో జొన్న తినే పేదల్లో ఇదే జబ్బును హైదరాబాద్‌లో పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య పరిశీలించి 1960లో దాని ఆహార కారణాల మీద రాశారు. ఫ్లోరైడ్ సంగతీ ఇంతే. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో వంగిన వెన్నులకు, బిగిసిన కీళ్లకు కారణం బావి నీటిలోని ఫ్లోరైడ్ అని 1937లో షార్ట్, ఆయన సహచరులు వెల్లడించారు. నల్లగొండ పల్లెల్లో మోకాళ్లు వంకర తిరిగిన పిల్లలను చూసినవారికి అది ఎముకల వంశ వ్యాధిలాగే తోచవచ్చు. కానీ నీరు మారితే తరువాత పుట్టిన పిల్లల కాళ్లు తిన్నగా ఉంటాయి. తెలుగు నేల మీద పోషకాహార శాస్త్రం నేర్పిన పెద్ద పాఠం ఇదే. ఒక జబ్బు ఊరంతటినీ పట్టిందంటే ముందు ఊరి బావిలోకి, ఊరి కంచంలోకి చూడాలి.

అరకు కొండల కంచంలోకి చూడాలంటే ఉప్పు చరిత్రలోకి వెళ్లాలి. విశాఖ తీరంలో ఉప్పు మడులకు కొదవ లేదు. ఆ ఉప్పు పెరికల మీద, ఎద్దుల బిడారుల మీద కొండలెక్కి జయపురానికి, బస్తరుకు, అక్కడి నుంచి ఇంకా లోపలికి పోయేది. బంజారాలు పై నుంచి ధాన్యం, పత్తి దించి, తిరుగు ప్రయాణంలో ఉప్పు ఎక్కించేవారు. సాలూరు ఆ దారిలో ముఖ్యమైన మజిలీ. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యం కింద ఉంది. పన్ను, రవాణా ఖర్చు, మధ్యవర్తి లాభం కలిసి తీరంలో చవకైన సరుకు కొండ మీదికి చేరేసరికి ఖరీదైనదయ్యేది. కొండవాసి చింతపండు, పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు సంతకు తెచ్చి, వాటికి బదులు ఉప్పు, ఎండుచేపలు, గుడ్డ తీసుకుపోయాడు. తూకం ఎవరి చేతిలో ఉందో లాభం వాళ్లదే అయింది. ఈ దోపిడీని అరికట్టడానికే 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఏర్పడింది. అటవీ ఉత్పత్తులు కొనడం, తన డిపోల ద్వారా నిత్యావసరాలు అమ్మడం అప్పటి నుంచి దాని పని. అంటే ఈ కొండల్లో బయటి నుంచి తప్పనిసరిగా కొనుక్కునే తిండి సరుకు ఉప్పే. అందువల్ల లోపాన్ని తీర్చే దారి కూడా ఉప్పు నుంచే ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. సముద్రపు ఉప్పు తరతరాలుగా కొండెక్కుతూనే ఉంది కదా, మరి గొంతువాపు అప్పుడే ఎందుకు పోలేదు, కాబట్టి కారణం ఉప్పులో కాక రక్తంలోనే ఉండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. సముద్రంలో అయోడిన్ ఉన్నా ఎండబెట్టిన ఉప్పులో మిగిలేది బహు స్వల్పం. సముద్రపు నాచు, చేపలు అయోడిన్‌ను కూడగట్టుకుంటాయి గాని ఉప్పు కూడగట్టుకోదు. కిలో మామూలు సముద్రపు ఉప్పులో అయోడిన్ రెండు మిల్లీగ్రాములకు లోపే. మనిషి రోజుకు పది గ్రాముల ఉప్పు తిన్నా దాని నుంచి అందేది ఇరవై మైక్రోగ్రాములు దాటదు, కావలసింది 150. భీమిలి తీరంలో మత్స్యకారుడికి ఆ లోటు చేప తీర్చింది. కొండ మీది మనిషికి సంతలో దొరికే గుప్పెడు ఎండుచేపలు దాన్ని తీర్చలేకపోయాయి. కాబట్టి మామూలు ఉప్పుతో గొంతువాపు తగ్గకపోవడం రక్తం మీద నేరం మోపడానికి ఆధారం కాదు. అదే ఉప్పులో అయోడిన్ కలిపితే ఏమవుతుందన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్ష ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది, ఫలితం ప్రతిచోటా ఒకటే. ఆల్ప్స్ పర్వతాల్లోని స్విట్జర్లాండ్ తరతరాలుగా గాయిటర్‌కు, మందబుద్ధికి, మరుగుజ్జుతనానికి పేరుపడ్డ దేశం. అక్కడ 1922లో అయోడిన్ ఉప్పు మొదలైంది. ఆ తర్వాత పుట్టిన తరంలో ఆ లక్షణాలతో పిల్లలు పుట్టడం ఆగిపోయింది. మన దేశంలో ఈ పరీక్షను పకడ్బందీగా నడిపినవారు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, తరువాత ఎయిమ్స్‌కూ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కీ నాయకత్వం వహించిన శాస్త్రవేత్త. 1956లో ఆయన బృందం హిమాచల్‌లోని కాంగ్రా లోయలో లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకు రెండు రకాల అయోడిన్ ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేయించింది. కొన్నేళ్లకు అయోడిన్ అందిన రెండు భాగాల్లో పిల్లల్లో గాయిటర్ బాగా తగ్గింది, అందని భాగంలో తగ్గలేదు. తరువాత ఆ మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చాక అక్కడా తగ్గింది. మూడు భాగాల్లోనూ ఉన్నది అదే కొండజనం, అవే కుటుంబాలు, అవే పెళ్లి సంబంధాలు. మారింది ఉప్పు ఒక్కటే. జన్యువులు పదేళ్లలో మారవు, ఒక తరంలోనూ మారవు. ఒక తరంలో మాయమైన జబ్బు వంశానిది కాదు.

గొంతువాపు సరే, పుట్టు చెవుడు, మందబుద్ధి కూడా అయోడిన్ వల్లనే అని ఎలా చెప్పగలం అన్నది మరో న్యాయమైన ప్రశ్న. దీనికి పాపువా న్యూగినీ కొండల్లో 1966లో మొదలైన పరిశోధన జవాబు చెప్పింది. ఫేరో, బట్‌ఫీల్డ్, హెట్జెల్ అనే పరిశోధకులు జిమి లోయలో ఒక కుటుంబం విడిచి ఒక కుటుంబానికి అయోడిన్ నూనె ఇంజెక్షన్లు ఇచ్చారు. 1971లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఇంజెక్షన్ అందని కుటుంబాల్లో ఆ లోపాలతో పిల్లలు పుడుతూనే ఉన్నారు. అందిన కుటుంబాల్లో అలా పుట్టినవాళ్లు అతి కొద్దిమంది, వాళ్లలోనూ దాదాపు అందరూ ఇంజెక్షన్ నాటికే తల్లి కడుపులో పడ్డవాళ్లు. తల్లికి అయోడిన్ అందవలసింది బిడ్డ పుట్టాక కాదు, కడుపున పడకముందే అని ఇది తేల్చింది. అంటే పెళ్లీడు ఆడపిల్ల తినే ఉప్పే ఆమె కనబోయే బిడ్డ వినికిడిని నిర్ణయిస్తుంది.

మేనరికాల వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. తెలుగు నేల మీద మేనరికాలు ఎక్కువన్నది నిజం. జన్యు శాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల తొలినాళ్లలోనే ఆంధ్రలో దగ్గరి బంధువుల పెళ్లిళ్ల మీద లెక్కలు తీసి ప్రచురించారు. కొండ తెగల్లోనూ మేనమామ కొడుకు, మేనత్త కూతురు వరసలకు పెద్దపీట ఉంది. దగ్గరి పెళ్లిళ్ల వల్ల అరుదైన వంశ వ్యాధులు, వాటిలో కొన్ని రకాల పుట్టు చెవుడు, పెరుగుతాయన్నది రుజువైన విషయం. ఏజెన్సీలో మాట రాని ప్రతి బిడ్డకూ అయోడినే కారణమని నేను అనడం లేదు. అయితే జన్యు వ్యాధి మేనరికం ఉన్న ఇళ్లను ఎంచుకుని వస్తుంది, అయోడిన్ లోపం ఎత్తైన కొండను, వాన కడిగిన నేలను ఎంచుకుని వస్తుంది. మైదానంలోనూ మేనరికాలు అంతే ఉన్నా అక్కడ గొంతువాపు ఊళ్లకు ఊళ్లను పట్టలేదు. ఒకే ఊరిలో మేనరికం చేసుకున్నవారికీ చేసుకోనివారికీ వాపు కనిపిస్తే పెళ్లి వరసతో దాన్ని వివరించలేం. ఒకే నీరు తాగి ఒకే ఉప్పు తిన్నవాళ్లలో కొందరికే ఎందుకు వస్తుంది అని అడిగితే, తట్టుకునే శక్తిలో జన్యువుల వాటా ఉండవచ్చు. ఎదిగే వయసు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అవసరం ఎక్కువ కావడమూ కారణమే. కర్రపెండలం, సజ్జ వంటి వాటిలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్‌కు అడ్డు తగులుతాయన్నదీ తెలిసిందే. కానీ వీటన్నిటికీ అయోడిన్ కొరతే పునాది. ఎవరు ముందు పడిపోతారో జన్యువు కొంత నిర్ణయించవచ్చు గాని, ఊరంతటినీ ఆ అంచుకు నెట్టేది నేల.

ఇదే కొండల్లో నిజమైన వంశ వ్యాధి ఒకటి ఉండటం వల్ల ఈ విచక్షణ ఇప్పుడు మరీ అవసరం. తూర్పు కనుమల తెగల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది సంక్రమించిన బిడ్డకు రక్తహీనత, కామెర్లు, భరించలేని ఎముకల నొప్పులు వస్తాయి. ఆ జన్యువు ఇక్కడ నిలవడానికి కారణం కూడా పరిసరాలే. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో నిరూపించాడు. మైదానం నుంచి వచ్చిన ఉద్యోగులను తరిమిన ఏజెన్సీ జ్వరం, అంటే మలేరియానే, ఈ జన్యువును తరతరాలుగా కాపాడింది. ఇంకో వైపు చూస్తే, మళ్లీమళ్లీ మలేరియా సోకిన బిడ్డ కూడా పాలిపోతుంది, ప్లీహం ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది. పైకి చూస్తే అది రక్తపు వంశ వ్యాధిలాగే ఉంటుంది. అంటే ఒకే గూడెంలో జన్యువు వేషంలో పరిసరాలు, పరిసరాలు మలచిన జన్యువు పక్కపక్కనే ఉన్నాయి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2047 నాటికి లక్ష్యం చేరాలని, నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. ఇది మంచి పని, ఆలస్యంగా వచ్చిన మంచి పని. కానీ వంశ వ్యాధి అనే మాట కార్డుల మీద, శిబిరాల్లో కొండ కొండకూ చేరుతున్న ఈ రోజుల్లో, దాని నీడలో ఉప్పుతో పోయే జబ్బులకూ అదే ముద్ర పడే ప్రమాదం ఉంది.

ఆ ముద్ర ఎందుకు ప్రమాదమో స్పష్టంగా చెప్పాలి. వంశం అన్నాక ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రాదు, వచ్చినా మచ్చ మిగులుతుంది. వంశం అన్నాక తల్లి తన రక్తాన్నే తిట్టుకుంటుంది. అన్నిటికీ మించి, వంశం అన్నాక ప్రభుత్వం చేయవలసిన పని ఏదీ మిగలదు. దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. కానీ అది చాలాకాలం హిమాలయాల అంచునే తిరిగింది. 1989లో ఐసీఎంఆర్ ఆ పరిధికి బయట 14 జిల్లాల్లో జరిపిన సర్వే ఫలితాలు వచ్చి, 21 శాతం మందిలో గాయిటర్ కనిపించాక గాని ఇది దేశమంతటి సమస్య అన్న గ్రహింపు బలపడలేదు. మామూలు ఉప్పు అమ్మకంపై 1998లో పెట్టిన నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తేసి, 2006లో మళ్లీ తెచ్చింది. ఉప్పు మీద ఆంక్ష చిన్న ఉప్పు రైతులను దెబ్బతీస్తుందని, తినే ఉప్పును ఎంచుకునే హక్కు పోతుందని అభ్యంతరం చెప్పినవారిది తేలిగ్గా తీసేసే వాదన కాదు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన దేశం ఇది. అయితే గర్భంలోని బిడ్డకు ఎంచుకునే హక్కు లేదు. చిన్న ఉత్పత్తిదారుల సహకార సంఘాలకు అయోడిన్ చల్లే యంత్రాలు సమకూర్చడం ప్రభుత్వం చేయగల పని. కడుపులోనే పోయిన వినికిడిని పుట్టాక అయోడిన్‌తో తిరిగి ఇవ్వడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

పని ఇంకా పూర్తి కాలేదనడానికి లెక్కలున్నాయి. తయారీ దగ్గర 30 పీపీఎం (కిలోకు 30 మిల్లీగ్రాములు), ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది మన ప్రమాణం. రోజుకు పది గ్రాముల ఉప్పుకు ఆ 15 పీపీఎం లెక్క వేస్తే 150 మైక్రోగ్రాములు వస్తుంది, మనిషికి కావలసింది అంతే. 2018-19లో దేశవ్యాప్తంగా జరిగిన అయోడిన్ సర్వేలో 76.3 శాతం ఇళ్లలోనే ఆ మోతాదు ఉన్న ఉప్పు కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 63.9 శాతం, తమిళనాడు తర్వాత అట్టడుగు స్థానం మనదే. పక్కనున్న ఒడిశాలో 65.8 శాతం. అంటే తూర్పు కనుమలకు ఇటూ అటూ ఉన్న రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు మూడో వంతు ఇళ్లకు అప్పటికి చాలినంత అయోడిన్ ఉన్న ఉప్పు అందలేదు. గళ్లుప్పు చవక గనక కొనడం, వంటకు ముందు కడగడం, తేమ తగిలేలా మూత లేకుండా ఉంచడం, వీటన్నిటి వల్లా ఉన్న అయోడిన్ కూడా పోతుంది. ఈ లోటును కనిపెట్టడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఆశా కార్యకర్త దగ్గరుండే చిన్న సీసాలోని గంజి ద్రావణం ఒక చుక్క చిటికెడు ఉప్పు మీద వేస్తే చాలు. అయోడిన్ ఉంటే తెల్లటి ఉప్పు ఆ చుక్క పడినంత మేర ఊదా నీలం రంగుకు తిరుగుతుంది, రంగు చిక్కదనాన్ని అట్ట మీది గళ్లతో పోల్చి మోతాదు చెప్పవచ్చు. అయోడిన్ లేకపోతే ఉప్పు తెల్లగానే ఉండిపోతుంది. వంశవృక్షం గీయడానికి ముందు ఆ చుక్క వేయాలి.

కాబట్టి చేయవలసినవి కష్టమైనవి కావు. సికిల్ సెల్ కోసం పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసే రక్తపు చుక్కలోనే థైరాయిడ్ పరీక్ష కూడా చేయవచ్చు. ఒక ప్రాంతంలో టీఎస్‌హెచ్ అనే హార్మోను లీటరుకు అయిదు మిల్లీ యూనిట్లు దాటిన శిశువులు మూడు శాతం కంటే తక్కువ ఉంటే అక్కడ అయోడిన్ చాలుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ఒక్క సంఖ్య ఏజెన్సీ మండలాల వారీగా ఏటా బయటపెడితే జబ్బు ఎక్కడుందో, ఉప్పు ఎక్కడ చేరలేదో ఎవరైనా చదవగలరు. జీసీసీ డిపోల్లో గళ్లుప్పుకు మించని ధరకు అయోడిన్ ఉప్పు అమ్మాలి, సంతల్లో అమ్మే ఉప్పును కూడా తరచూ పరీక్షించాలి. పెళ్లీడు ఆడపిల్లలు చదివే ఆశ్రమ పాఠశాలల వంటగదుల నుంచే ఈ పని మొదలుకావాలి. వైద్యులకు, ఉపాధ్యాయులకు, పత్రికలవారికి ఒక విన్నపం. ఏజెన్సీలో మాట రాని బిడ్డ కనిపించినప్పుడు మేనరికమా అని అడగండి, తప్పులేదు. కానీ దానికంటే ముందు తల్లి ఏ ఉప్పు తిన్నదో అడగండి. జన్యువును మార్చడం ఇవాళ మన చేతిలో లేకపోవచ్చు. ఉప్పును మార్చడం 1922 నుంచి మనుషుల చేతిలో ఉంది. ఆ పని చేయకుండా కొండ మనిషి రక్తాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.